రాజోలి చీర, అరచేతి తెర: చిన్న వ్యాపారానికి ఒక మొబైల్ పాఠం

మన క్లబ్బు పత్రికలో కవితలు, కథలు రాసేవాళ్లకు కొదవ లేదు. నాకు ఆ రెండూ రావు. అందుకని నాకు చేతనైన పాఠం ఒకటి రాస్తున్నాను. చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లకు ఫోను, ఫోనులో సరిగ్గా తెరుచుకునే వెబ్‌సైటు ఎట్లా పనికొస్తాయన్నది విషయం. సెకండ్ ఇయర్ సెలవుల్లో మా మామ కోసం ఒక సైటు చేశాను. మొదటిసారి అది పూర్తిగా ఫెయిలైంది. ఎందుకు ఫెయిలైందో, తర్వాత ఏం మార్చానో వరుసగా చెబుతాను. మీ ఇంట్లో ఎవరికైనా కిరాణా కొట్టు, టైలరింగ్ మిషను, పచ్చళ్ల వ్యాపారం, ఏదున్నా ఇది అక్కరకొస్తుంది.

ముందు ఊరి గురించి, చీర గురించి

మా మామది రాజోలి. జోగుళాంబ గద్వాల జిల్లా, తుంగభద్ర ఒడ్డు. నది దాటితే కర్నూలు జిల్లా. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న ఈ నేలను నడిగడ్డ అంటారు. షాపుల్లో "గద్వాల చీర" అని అమ్మేవన్నీ గద్వాల పట్నంలోనే నేసినవి కావు. రాజోలి లాంటి చుట్టుపక్కల ఊళ్ల మగ్గాల మీద నుంచి కూడా వస్తాయి.

ఈ చీర ప్రత్యేకత తెలియకపోతే దాన్ని ఫోనులో ఎట్లా చూపించాలో తెలియదు. కాబట్టి రెండు మాటలు. గద్వాల చీరలో అసలు రకానికి ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒళ్లు నేసే పేక దారం, అంచు నేసే పేక దారం వేరువేరు. రెండూ కలిసేచోట వరుసవరుసకూ ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. దీన్ని కుప్పడం అంటారు. అందుకే ఒక్క నాడెతో పని జరగదు. రెండంచులకు రెండు, ఒంటికి ఒకటి, మొత్తం మూడు కావాలి. కొంగు దగ్గరకొచ్చేసరికి నూలు పడుగుకు పట్టు పడుగు అతకాలి. మా మామా అత్తా ఇద్దరూ కూర్చుంటే కూడా ఒక చీర దిగడానికి వారం పడుతుంది.

ఇప్పుడు లెక్క. నూలు, పట్టు, జరీ సావుకారు ఇస్తాడు. మామ నేసి ఇచ్చి మజూరి తీసుకుంటాడు. చీర ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో మామకు తెలియదు. కనీసం ఏడాదికి కొన్ని చీరలైనా సొంత నూలుతో నేసి సొంతంగా అమ్ముకోవాలని మామకు ఎప్పటినుంచో ఉంది. కానీ సొంత నూలు అంటే సొంత డబ్బు. చీర అమ్ముడుపోకపోతే ఆ డబ్బు మడతపెట్టి బీరువాలో పెట్టినట్టే. ఆ సెలవుల్లో మామ మూడు చీరలకు సరిపడా సరుకు అప్పు మీద తెచ్చాడు. "నువ్వు ఇంజినీరింగ్ కదా, ఆ నెట్టులో పెట్టు రా అల్లుడా" అన్నాడు. నా పాఠం అక్కడ మొదలైంది.

మొదటి తప్పు: లాప్‌టాప్‌లో చూసి మురిసిపోవడం

హాస్టల్ వైఫై మీద, పెద్ద తెర మీద సైటు చేశాను. మూడు చీరలు, ఒక్కోదానికి మూడు ఫొటోలు. పైన కదిలే బొమ్మలు, పక్కన మెనూ. చాలా బాగుంది. రాజోలి వెళ్లి మామ ఫోనులో తెరిచాను. తెల్ల తెర. ఒక నిమిషం చూశాం. సగం ఫొటో వచ్చింది.

"ఏం రా, ఈ బొమ్మ ఎప్పుడు తెరుసుకుంటాది? ఈలోపల నేను రెండు కండెలు చుట్టుకుంటుంటి గద" అన్నాడు మామ.

సిగ్గేసింది. కూర్చుని లెక్క వేశాను. ఫోను కెమెరా తీసిన ఒక్కో ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు, బరువు సుమారు 4 ఎంబీ. తొమ్మిది ఫొటోలు కలిపి 36 ఎంబీ. ఆ ఇంట్లో సిగ్నల్ సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వస్తుందనుకోండి. బైటుకు 8 బిట్లు కాబట్టి 36ను 8తో గుణిస్తే 288 సెకన్లు. దాదాపు ఐదు నిమిషాలు! కొనేవాళ్లు ఐదు నిమిషాలు ఆగరు. ఐదు సెకన్లు కూడా ఆగరు.

దిద్దుబాటు సులువే. మామూలు ఫోను తెర వెడల్పు డిజైను లెక్కలో సుమారు 360 పిక్సెళ్లు. తెర సాంద్రతను బట్టి దానికి రెండింతలో మూడింతలో అసలు పిక్సెళ్లుంటాయి. అంటే 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో చాలు, 4000 ఎందుకు? ఫొటోలను ఆ కొలతకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్లోకి మార్చాను. ఒక్కోటి 60 కేబీ దగ్గరకు వచ్చింది. తొమ్మిదీ కలిపి 540 కేబీ. పేజీ రాతతో కలిపితే 560. అదే సిగ్నల్ మీద నాలుగున్నర సెకన్లు. పైగా కిందున్న ఫొటోలు వేలితో జరిపినప్పుడే దిగేట్టు పెట్టాను, దాన్నే లేజీ లోడింగ్ అంటాం. అప్పుడు మొదటి ఫొటో సెకను లోపే కనిపించింది. కదిలే బొమ్మలు తీసేశాను. వాటికోసం ఎవరూ అడగలేదు.

ఈ విషయంలో గూగుల్ కొలత కూడా గుర్తుపెట్టుకోండి. పేజీలో అన్నిటికన్నా పెద్ద బొమ్మో రాతో రెండున్నర సెకన్ల లోపల కనపడితే బాగున్నట్టు లెక్క.

రెండో తప్పు: ఒక్క ట్యాగు మరిచిపోవడం

ఫొటోలు తగ్గాక పేజీ తెరుచుకుంది గానీ, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కారణం వ్యూపోర్ట్ అనే మెటా ట్యాగు పెట్టకపోవడం. అది లేకపోతే ఫోను బ్రౌజరు ఆ పేజీని పెద్ద కంప్యూటరు కోసం చేసిందనుకుంటుంది. సుమారు 980 పిక్సెళ్ల వెడల్పుగా లెక్కగట్టి, ఆ మొత్తాన్నీ చిన్న తెరలోకి కుదిస్తుంది. ట్యాగు పెడితే తెర వెడల్పెంతో పేజీ వెడల్పూ అంతే అవుతుంది. 2007లో ఐఫోను వచ్చినప్పుడు యాపిల్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనరు ఒక వ్యాసంలో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరుపెట్టాడు. ఫోనుకో సైటు, కంప్యూటరుకో సైటు అక్కర్లేదు, ఒకే సైటు తెరను బట్టి సర్దుకోవాలన్నది ఆయన మాట.

ఇది సోకు కాదు, అవసరం. 2015 ఏప్రిల్ 21 నుంచి గూగుల్ ఫోను వెతుకులాటలో ఫోనుకు సరిపడే పేజీలను ముందుకు తెస్తోంది. 2019 జులై 1 తర్వాత కొత్తగా వచ్చిన సైట్లను మామూలుగా ఫోను రూపంలోనే చదివి లెక్కలోకి తీసుకుంటోంది. అంటే మీ సైటు లాప్‌టాప్‌లో ఎంత అందంగా ఉన్నా గూగుల్ చూసేది ఫోనులో ఎట్లా ఉందనే.

తెలుగు విషయంలో జాగ్రత్తలు

ఈ భాగం మన క్లబ్బు వాళ్లకు ప్రత్యేకంగా.

ఒకటి. తెలుగును బొమ్మలో రాసి పెట్టకండి. పండగ పోస్టర్లలాగా ధర, వివరం అన్నీ ఫొటో మీద రాసేస్తే అవి తేలిగ్గా వెతుకులాటకు దొరకవు, కాపీ చేసుకోవడం కష్టం, చూపు సరిగ్గా లేనివాళ్లకు ఫోను చదివి వినిపించాలన్నా ఇబ్బంది. యూనికోడ్‌లో అక్షరాలుగానే రాయండి.

రెండు. మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లిషుకు సరిపోయే వరుస ఎడం పెడితే పై వరుస ఒత్తు కింద వరుస గుడికి తగులుతుంది. నేను అక్షరం ఎత్తుకు 1.7 రెట్లు పెట్టాను, హాయిగా చదవగలిగారు. ఫాంటు విడిగా దింపితే బరువు పెరుగుతుంది. ఫోనులో ముందే ఉన్న తెలుగు ఫాంటు చాలు.

మూడు. ఊరి పేరు. ఇది నాకు పెద్ద ఆశ్చర్యం. రాజోలి అని వెతికితే కోనసీమలోని రాజోలు వస్తుంది, తుంగభద్ర మీద కర్ణాటక వైపున్న రాజోలిబండ ఆనకట్ట వస్తుంది. ఇంగ్లిషు అక్షరాల్లో అయితే ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. అందుకని పేజీ మొదటి వాక్యంలోనే "జోగుళాంబ గద్వాల జిల్లా రాజోలిలో మగ్గం మీద నేసిన గద్వాల చీరలు" అని రాశాను. ఊరు, జిల్లా, సరుకు మూడూ ఒకే వాక్యంలో ఉంటే మనిషికీ అర్థమవుతుంది, గూగుల్‌కీ అర్థమవుతుంది.

నాలుగు. మామూలు ఎస్సెమ్మెస్ పంపేవాళ్లకు ఒక సంగతి. ఇంగ్లిషులో ఒక మెసేజీకి 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. అందులోనూ గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. కాబట్టి చిన్నగా రాయడం నేర్చుకోవాలి.

బొత్తాలు వేలికి అందాలి

మామ చేతివేళ్లు మగ్గం పనితో బిరుసెక్కి ఉంటాయి. నేను పెట్టిన చిన్న బొత్తం మీద నాలుగుసార్లు నొక్కినా పని జరగలేదు. ఆండ్రాయిడ్ సూచనల్లో నొక్కే చోటు కనీసం 48 యూనిట్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలని చెబుతారు. యాపిల్ 44 అంటుంది. నేను మెనూ మొత్తం తీసేసి రెండే పెద్ద బొత్తాలు పెట్టాను. "ఫోను చేయండి", "వాట్సాప్‌లో అడగండి". మొదటిది నొక్కితే నంబరు డయలు తెరలోకి వస్తుంది. రెండోది నొక్కితే వాట్సాప్‌లో "2వ నంబరు చీర ఉందా?" అన్న ప్రశ్న ముందే రాసి ఉంటుంది. అందుకే ప్రతి చీరకూ ఒక నంబరు ఇవ్వాలి. లేకపోతే "ఆ ఎర్రది", "ఏ ఎర్రది" అనే మాటలతోనే పొద్దు గడుస్తుంది.

వాట్సాప్ ఉండగా సైటు ఎందుకు?

మంచి ప్రశ్న. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో వచ్చింది. ఉచితం, సరుకు జాబితా పెట్టుకోవచ్చు. చాలా చిన్న వ్యాపారాలకు మొదలుపెట్టడానికి అది చాలు. కానీ దానికీ హద్దులున్నాయి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందినే చేర్చగలం, పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అంటే తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పడానికి వాట్సాప్, తెలియనివాళ్లు వెతుక్కుంటూ రావడానికి సైటు. రెండింటి మధ్య దారి ఆ పెద్ద బొత్తం. అడగకుండా ఎవరినీ గ్రూపుల్లో చేర్చకండి. బ్లాక్ చేశారంటే ఆ గిరాకీ మళ్లీ రాదు.

ఫోను ఏం చేయగలదు, ఏం చేయలేదు

మార్కెటింగు క్లాసుల్లో కేరళ చేపల కథ చెబుతుంటారు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో అచ్చేసిన పరిశోధన అది. ఉత్తర కేరళ తీరంలో 1997 నుంచి 2001 వరకు సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు ఏం జరిగిందో చూశాడు. అంతకుముందు ఒక రేవులో చేపలు కొనేవాళ్లు లేక పారేసేవాళ్లు, పక్క రేవులో చేపలు చాలేవి కావు. ఫోను వచ్చాక పడవలోంచే ధర కనుక్కుని అటు తిప్పేవాళ్లు. పారేయడం ఆగింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది.

నేను కూడా ఇదే జరుగుతుందనుకున్నాను. కానీ కవ్వలు ఏ రేవులోనైనా కవ్వలే. ధర తెలిస్తే చాలు. చీర అట్లా కాదు. మరమగ్గం మీద చేసిన నకలు కూడా ఫొటోలో గద్వాల చీరలాగే కనిపిస్తుంది, ధర మాత్రం తక్కువ. కాబట్టి చీరకు ధరకన్నా ముందు నమ్మకం అందాలి. దీనికోసం మూడు పనులు చేశాం. ఒళ్లూ అంచూ కలిసే చోటును దగ్గరగా, చీరను తిరగేసి వెనకవైపు నుంచి కూడా ఫొటో తీశాం. ఆ చీర మగ్గం మీద ఉండగా అరనిమిషం వీడియో తీశాం. నూలెంత, పట్టెంత, జరీ ఏ రకం అన్నది దాచకుండా రాశాం.

గొప్పలు మాత్రం రాయలేదు. గద్వాల సంస్థానం తరఫున తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ పంచెలు నేసి పంపే ఆచారం మీరూ వినే ఉంటారు. దాన్ని సైటులో పెడదామా అన్నాను. "అవి నేసినోళ్లు వేరే. మనం నెయ్యంది మనదని ఎట్ల చెప్తాం?" అన్నాడు మామ. నేను చదివిన మార్కెటింగు పుస్తకాల కన్నా ఆ మాట మంచి పాఠం.

మూడో తప్పు: రంగు

ఇది నా తప్పుల్లో ఖరీదైనది. మొదటి చీర వంకాయ రంగు. ఫొటో కొంచెం మందంగా ఉందని నేను ఫోనులో ఫిల్టరు వేశాను. మెరిసింది. హైదరాబాదు నుంచి ఒకావిడ చూసి, మాట్లాడి, డబ్బు పంపి కొన్నారు. ఇంట్లో పండగే. ఆరు రోజుల తర్వాత ఫోను. "బాబూ, నేను మెరూన్ అనుకున్నాను, ఇది వంకాయ రంగు. నాకు వద్దు." ఆవిడ తప్పేం లేదు. చీర వెనక్కి తెప్పించి, డబ్బు తిరిగిచ్చి, రెండువైపులా కొరియరు ఖర్చు మామే పెట్టుకున్నాడు. అప్పు మీద తెచ్చిన సరుకు అది. మామ నన్నొక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

అప్పటినుంచి పద్ధతి మార్చాం. పొద్దున పూట, ఎండ పడని నీడలో, ఫిల్టరు లేకుండా ఫొటో. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తాం. ఫొటోలో కాగితం పచ్చగానో నీలంగానో కనిపిస్తే రంగులు మారాయని అర్థం, మళ్లీ తీయాలి. డబ్బు పంపకముందే వీడియో కాల్‌లో చీర చూపిస్తాం. రంగు పేరు మాటల్లో కూడా రాస్తాం. చీర వాపసు తీసుకుంటామా లేదా, ఖర్చు ఎవరిది అన్నది పేజీలోనే పెట్టాం.

డబ్బు దగ్గర రెండు నియమాలు

యూపీఐ 2016లో వచ్చాక చిన్న వ్యాపారికి డబ్బు అందడం తేలికైంది, మోసాలూ వచ్చాయి. ఇంట్లోవాళ్లకు ఈ రెండూ నేర్పండి. ఒకటి, డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. ఎవరైనా కొట్టమన్నారంటే మన డబ్బు పోతున్నట్టే. రెండు, డబ్బు పంపామని వచ్చే స్క్రీన్‌షాట్ రుజువు కాదు. మన ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పార్సిల్ కట్టాలి.

గిరాకీల జాబితా కూడా ఆస్తే

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర వరద రాజోలిని ముంచేసింది. ఇళ్లు, మగ్గాలు నీళ్లపాలయ్యాయి. అప్పుడు నాకు ఐదేళ్లు, పెద్దగా గుర్తులేదు. తాతకు ఒక లెక్కల పుస్తకం ఉండేదట. ఆయన దగ్గర నేరుగా చీరలు కొన్నవాళ్ల ఊళ్లు, పేర్లు అందులో రాసుకున్నాడట. మగ్గం మళ్లీ వచ్చింది, పుస్తకం రాలేదు. ఆ తర్వాతే పూర్తిగా సావుకారు సరుకు మీద నేయడం మొదలైందని మామ చెప్తాడు.

ఆ మాట విన్నాకే నేను కొన్నవాళ్ల జాబితాను రెండు చోట్ల పెట్టాను. ఒకటి ఆన్‌లైన్ షీటులో, ఇంకోటి అత్త నోటుబుక్కులో. ఫోను నీళ్లలో పడినా, పోయినా జాబితా ఉండాలి. అందులో పేరు, ఊరు, కొన్న చీర, ఇష్టమైన రంగు మాత్రమే. అక్కరలేని వివరాలు అడగం, ఎవరికీ ఇవ్వం.

చివరికి ఏమైంది?

మూడు చీరల్లో రెండు అమ్ముడుపోయాయి. వెనక్కొచ్చిన వంకాయ రంగుదే రెండోసారి వెళ్లింది, ఈసారి అసలు రంగు చూసి కొన్నారు. మూడోది రెండు నెలలు ఉండిపోతే మామ సావుకారుకే ఇచ్చేశాడు. అప్పు తీరింది, చేతిలో కొంచెం మిగిలింది. సావుకారు పని మానలేదు, మానగలిగే స్థితీ లేదు. అయితే ఇంకో రెండు చీరలకు సొంత సరుకు తెచ్చుకున్నాడు, ఈసారి అప్పు లేకుండా.

ఒక హద్దు కూడా తెలిసొచ్చింది. ఒకసారి ఒకరు ఒకే రంగువి ఎనిమిది చీరలు పది రోజుల్లో కావాలన్నారు. నేను ఒప్పేసుకునేవాణ్నే. మామ వద్దన్నాడు. మార్కెటింగు ఎంత వేగంగా నడిచినా మగ్గం దాని వేగంతోనే నడుస్తుంది. అందుకే పేజీలో ఇప్పుడు "ఇప్పుడున్నవి", "చెప్తే నేసేవి" అని రెండు భాగాలున్నాయి. రెండోదానికి ఎన్ని వారాలు పడుతుందో పక్కనే ఉంటుంది.

ఈ సెలవుల్లో మీరు ఇంటికెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ ఊళ్లో ఏదో ఒక చిన్న కొట్టును ఎంచుకోండి. సైటు తర్వాత సంగతి. ముందు వాళ్ల ఫోను అడిగి తీసుకోండి, వాళ్ల సిగ్నల్ మీద, వాళ్లు కూర్చునే చోట కూర్చుని, మీరు చేసింది తెరిచి చూడండి. అక్కడ తెరుచుకుంటేనే పని అయినట్టు. నేను ఆ మెట్టు చివర ఎక్కాను, మీరు మొదటే ఎక్కండి.